మా జర్మన్ షెపర్డ్ వెనక కాళ్లు ఈడుస్తోంది, కీళ్ల నొప్పుల మందులకి తగ్గట్లేదు. ఇది డీఎం (డీజెనరేటివ్ మైలోపతీ, అంటే వెన్నుపాము మెల్లగా పాడైపోయే జబ్బు) అయ్యుండొచ్చా?

అయ్యుండొచ్చండీ, కానీ అదేనని ఇప్పుడే ఫిక్స్ అవ్వకండి. మావాడూ జర్మన్ షెపర్డే, తొమ్మిదో ఏట మొదలైంది. ముందు మాకు కనపడలేదు, వినపడింది. నడుస్తుంటే వెనక నుంచి గోళ్లు నేలకి రాసుకుంటున్న శబ్దం, కర్ర్ కర్ర్ అని. పట్టుకుని చూస్తే కుడి వెనక కాలికి మధ్య రెండు గోళ్లు పైవైపు అరిగిపోయి చదునుగా ఉన్నాయి, ఎడమ కాలివి బానే ఉన్నాయి. మేమూ మీలాగే వయసైపోయింది కదా కీళ్లే అనుకుని రెండు నెలలు నొప్పి మాత్రలు వేశాం, దండగ.

తేడా అంతా నొప్పి దగ్గరే ఉంది. కీళ్లు అరిగిన కుక్క లేచేటప్పుడు బిగుసుకుపోయి కుంటుతుంది, నాలుగడుగులేశాక కాస్త సర్దుకుంటుంది, కీలు వంచితే మూలుగుతుంది. డీఎంలో నొప్పే ఉండదు, కాలు ఎక్కడుందో దానికే తెలీదు, అందుకే తాగినోడిలా నడుం ఊగుతుంది, మలుపు తిరిగేటప్పుడు వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. కడుపు కింద చెయ్యి ఆసరా పెట్టి నిలబెట్టి, వెనక పాదాన్ని మడిచి దాని పైభాగం నేలకి ఆనేలా పెట్టి చూడండి. నరాలు బాగున్న కుక్క వెంటనే తిప్పేసుకుంటుంది. మావాడు ఆ మడత పాదం మీదే నిలబడి నా మొహం చూస్తూ తోక ఊపాడు, నాకు గుండె జారిపోయింది.

అయితే దీంతో నరాల సమస్య అని మాత్రమే తెలుస్తుంది. డిస్క్ జారి వెన్నుపాముని నొక్కినా, లోపల గడ్డ ఉన్నా ఇలాగే నడుస్తాయి, డిస్క్ అయితే వైద్యం ఉంది కాబట్టి ఎమ్మారై మాత్రం మానకండి, అందులో ఏం దొరక్కపోతేనే డాక్టర్లు డీఎం అంటారు. ఎస్ఓడీ1 అనే జీన్‌లో లోపం దీనికి కారణమని 2009లో బయటపడింది, మనుషుల్లో కొందరికి ఏఎల్ఎస్ (నరాలు పాడై కండరాలు పనిచేయకుండా పోయే జబ్బు) వచ్చేది కూడా ఈ జీన్ వల్లే. దానికి టెస్ట్ ఉంది కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వచ్చినా జీవితాంతం జబ్బు రాని కుక్కలు బోలెడు, ఆ రిపోర్ట్ ఒక్కటే పట్టుకుని ఏడవకండి. నూటికి నూరు శాతం ఖాయం కావాలంటే చనిపోయాక వెన్నుపాముని మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

నయం చేసే మందు లేదు. ఫిజియో మాత్రం చేయించండి. 2006లో వచ్చిన ఒక చిన్న స్టడీలో రోజూ గట్టిగా చేయించిన కుక్కలు సగటున 255 రోజులు, అసలు చేయించనివి 55 రోజులు బతికాయి. తక్కువ కుక్కల మీద చేసిందే, ఐనా మావాడి విషయంలో నాకు తేడా కనిపించింది. మెల్లగా నడిపించడం, నీళ్లలో నడిపించడం, బరువు పెరగనివ్వకపోవడం, నున్నటి నేల మీద పట్టు దొరికేలా మ్యాట్‌లు, పాదం పైన తోలు ఊడకుండా బూటు. తర్వాత్తర్వాత టవల్ కడుపు కింద వేసి లేపేవాళ్లం, పడుకున్నవాణ్ణి పక్కలు మార్చేవాళ్లం లేకపోతే పుండ్లు పడతాయి. సుమారు పది నెలలకి వెనక రెండు కాళ్లూ పూర్తిగా పడిపోయాయి, ఉచ్చ కూడా తెలీకుండా పోయేది.

మీవాడికి ఇది నెలల తరబడి మెల్లగా వచ్చిందా లేక ఒక్కసారిగా మొదలైందా? వెన్ను మీద నొక్కితే అరుస్తున్నాడా? డీఎం రాత్రికి రాత్రి రాదు. అలా పడిపోయి ఉంటే మాత్రం సమాధానాల కోసం ఆగకుండా ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.