టెక్ సందేహాలు: ‘ఎక్కడికి’ మారిస్తే ‘ఎక్కడి నుంచి’ కూడా మారిపోతోంది!

ప్రశ్న: రాయగడలో మా లారీ బుకింగ్ ఆఫీసుకి విండోస్ ఫారమ్స్‌లో (డాట్‌నెట్‌తో విండోస్ ప్రోగ్రాములు చేసే పద్ధతి) ప్రోగ్రామ్ రాశాను. ‘ఎక్కడి నుంచి’, ‘ఎక్కడికి’ అని రెండు కాంబోబాక్స్‌లు (జాబితాలోంచి ఎంచుకునే పెట్టెలు) పెట్టి, రెండింటికీ ఊళ్ల డేటాటేబుల్ (ప్రోగ్రామ్ మెమరీలో ఉంచుకునే పట్టిక) ఒకటే ఇచ్చాను. మొదటిదాంట్లో రాయగడ పెట్టి రెండోదాంట్లో బరంపురం ఎంచుకుంటే, మొదటిది కూడా బరంపురం అయిపోతోంది. కోడ్ జతచేశాను.

జవాబు: మందుల షాపు, స్కూల్ ఫీజులు, ఇప్పుడు లారీలు! ఈ ఫిర్యాదు మాత్రం ఆగదు. ఇది బగ్ కాదు. ఫారమ్‌లో బాక్సుల్ని డేటాకి ముడివేసే బైండింగ్‌కాంటెక్స్ట్ ఒక డేటాసోర్స్‌కి ఒకే కరెన్సీమేనేజర్‌ని పెడుతుంది. ఇప్పుడు ఏ వరుస మీదున్నామో చూసుకునేది అదే. మీ రెండు బాక్సులూ దాన్నే పట్టుకుని ఉన్నాయి. గ్రిడ్‌లో వరుస మారితే కింది టెక్స్ట్‌బాక్సులు కూడా మారడానికి ఈ ఏర్పాటు బాగానే పనికొస్తుంది. మీకు మాత్రం అక్కర్లేదు.

ఒక్కో బాక్సుకి ఒక్కో బైండింగ్‌సోర్స్ (బాక్సుకీ టేబుల్‌కీ మధ్య ఉండే వారధి) పెట్టమని చాలామంది చెబుతారు. ఎంపిక విడిపోతుంది, నిజమే. రేపు ‘ఎక్కడికి’లోంచి రాయగడని తీసేద్దామని ఫిల్టర్ పెట్టి చూడండి, అవతలి బాక్సులోనూ రాయగడ మాయం! రెండింటి అడుగునా ఆ టేబుల్ డిఫాల్ట్‌వ్యూ, అంటే టేబుల్‌లోని వరుసల్ని వడపోసి చూపే కిటికీ, ఒక్కటే మరి. అందుకే అదే టేబుల్ మీద ఒక్కో బాక్సుకి ఒక్కో కొత్త డేటావ్యూ (అలాంటి కిటికీయే, విడిగా) తయారుచేసి ఇవ్వండి. డేటాబేస్‌కి రెండోసారి వెళ్లనక్కర్లేదు, టేబుల్‌ని కాపీ చేయనక్కర్లేదు.

పన్లోపని, మౌస్ చక్రం సంగతీ చూడండి. బాక్సు మీద ఫోకస్ ఉండగా పేజీ జరుపుదామని చక్రం తిప్పితే చడీచప్పుడు లేకుండా ఊరు మారిపోతుంది. జయపురం వెళ్లాల్సిన సరుకు జాజ్‌పూర్ బుక్ అయితే తిట్లు తినేది కౌంటర్‌లో కుర్రాడు. ఇలాంటిది డిఫాల్ట్‌గా పెట్టినవాళ్లు ఒక్కరోజైనా కౌంటర్‌లో కూర్చుని ఉండరు. చక్రం తిరిగినప్పుడు వచ్చే మౌస్‌వీల్ ఈవెంట్‌లో హ్యాండిల్డ్ ట్రూ చేసి (‘ఇది చూసుకున్నాను, నువ్వేం చేయకు’ అని) దాని నోరు మూయించండి.

అసలు నన్ను భయపెట్టింది వేరు. మీ క్వెరీలో (డేటాబేస్‌కి పంపే ఆదేశంలో) కాంబో టెక్స్ట్‌ని కొటేషన్ల మధ్య నేరుగా అతికించారు. బాక్సు స్టైల్ డిఫాల్ట్‌లోనే వదిలేశారు, అంటే అందులో ఎవరైనా ఏదైనా టైప్ చేయొచ్చు. ఊరి పేరుకు బదులు ఒక కొటేషన్ గుర్తు, దాని వెనక ఒక డిలీట్ కొడితే చాలు, బుకింగులన్నీ పోతాయి. పైగా లాగిన్ ‘ఎస్ఏ’, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా! ఆ హక్కులతో సర్వర్ మెషిన్ మీదే కమాండ్లు నడపొచ్చు. పాస్‌వర్డేమో ప్రోగ్రామ్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లో, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనబడేలా ఉంది. కోడ్‌లోకి మార్చి దాచానని సంబరపడకండి, డాట్‌నెట్ ఎగ్జీని (తయారైన ప్రోగ్రామ్ ఫైల్‌ని) విప్పి చదవడం చాలా తేలిక.

జాబితాలోంచి మాత్రమే ఎంచుకోనిచ్చే డ్రాప్‌డౌన్‌లిస్ట్ స్టైల్ పెడితే పొరపాటు టైపింగ్ తప్పుతుంది. కానీ దాన్నే రక్షణ అనుకోవద్దు, క్వెరీకి పారామీటర్లే వాడండి, అంటే టైప్ చేసినదాన్ని ఆదేశంలో కలపకుండా విడిగా విలువగా పంపండి. ఈ ప్రోగ్రామ్‌కి కావాల్సిన టేబుళ్ల మీదే హక్కులున్న లాగిన్ వేరేగా పెట్టండి, వీలైతే విండోస్ అథెంటికేషన్ (పాస్‌వర్డ్ రాయకుండా విండోస్ లాగిన్‌తోనే సర్వర్‌లోకి వెళ్లడం) వాడండి. కోడ్‌తోపాటు ‘ఎస్ఏ’ పాస్‌వర్డ్‌ని నాకు కూడా మెయిల్ చేశారు, గమనించారా? డేటావ్యూల పని రేపు చూసుకోవచ్చు, ముందు అది మార్చండి.