సొంత బోర్డు చేయాలంటే ప్రాసెసర్ సంగతి తర్వాత, పవర్ సంగతి ముందు

"హనుమకొండలో ఈసీఈ మూడో ఏడు. ఆర్డుయినో వచ్చు. సొంత బోర్డు డిజైన్‌కు ఏ ప్రాసెసర్‌తో మొదలుపెట్టాలి?" అని అడిగినవ్ తమ్మీ. ఏదైనా ఒకటే. బోర్డులు చెడేది ప్రాసెసర్ వల్ల కాదు, పవర్ వల్ల.

ఆర్డుయినో ఊనోలో ఉండేదే, 28 కాళ్ల (పిన్నుల) ఏటీమెగా328పీ చిప్ కొను. 7, 20 కాళ్లకు 5 వోల్టులు, 8, 22 గ్రౌండుకు. రీసెట్ పిన్ అంటే 1వ కాలు, దాన్ని 10కే (10 వేల ఓమ్‌ల) రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టు. 9, 10 మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు వైపులా గ్రౌండుకు 22 పికోఫారడ్. 7-8 మధ్య, 20-22 మధ్య ఐసీకి ఆనించి ఒక్కో 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్. కొత్త ఐసీ 1 మెగాహెర్ట్జ్‌తోనే నడుస్తుంది. ఏ క్లాక్‌తో నడవాలో చిప్‌కు చెప్పే సెట్టింగులు, అంటే ఫ్యూజ్ బిట్లు, మార్చకపోతే సెకనుకు వెలగాల్సిన ఎల్‌ఈడీ 16 సెకన్లకు వెలుగుతుంది.

ఇక మన దగ్గర అందరూ చేసే ప్రాజెక్టు, ఫోన్ కొడితే బోరు మోటర్ నడిచేది. టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పొలం కాడ స్టార్టర్ డబ్బాలో పెట్టగానే రీసెట్ అవుతుంది. ఎందుకంటే అందులో ఫోన్ కాల్ అందుకునే సిమ్800ఎల్ మాడ్యూల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టులే కావాలి, కానీ సిగ్నల్ పంపేటప్పుడు క్షణం పాటు 2 ఆంపియర్లు గుంజుతుంది. 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్ ఇక్కడ పనికిరాదు. ఆ సంగతి పక్కన పెట్టినా, 12 వోల్టుల నుంచి 200 మిల్లీఆంపియర్లు తీస్తే 1.4 వాట్లు వేడే. హీట్‌సింక్ లేకుంటే చిప్ బయటి గాలి కంటే 90 డిగ్రీలు ఎక్కువ కాగుతుంది, మే నెల ఎండ దానికి అదనం. ఎక్కువ వోల్టేజీని పెద్దగా వేడెక్కకుండా తగ్గించే ఎల్ఎం2596 బక్ మాడ్యూల్‌ను 4 వోల్టులకు తిప్పి, సిమ్ మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. ఏటీమెగాకు 5 వోల్టులు వేరే బక్ నుంచి ఇవ్వు.

5 వోల్టుల రిలే కాయిల్‌కు 70 మిల్లీఆంపియర్లు కావాలి. ఐసీ కాలు 40 దాటితే పోతుంది. అందుకే మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, కాయిల్ మీద తిరగేసి 1ఎన్4007 డయోడ్. ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండుకు 10కే తప్పకుండా వేయి. రీసెట్‌లో ఐసీ కాళ్లు గాల్లో వేలాడినట్టే ఉంటాయి. అప్పుడు మోటర్ దానంతటదే నడిస్తే మోటర్ మీద చేయి పెట్టిన మనిషి గతేంది? స్టార్టర్‌లో మోటర్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్, దాని కాయిల్ విడిచినప్పుడు వచ్చే స్పార్కు కూడా బోర్డును పడగొడుతుంది. కాయిల్ 240 వోల్టులదైతే దానికి అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ కరెంటుకు పనికొచ్చే రకం) కెపాసిటర్ సిరీస్‌లో కట్టు. 415 వోల్టుల కాయిల్‌కు 275 వోల్టుల ఎక్స్2 చాలదు, అంతకు తగ్గ రేటింగుది వెతుక్కో.

ఇవేవీ చెప్పకుండా కాలేజీల ముందు రిపోర్టుతో సహా ప్రాజెక్టులు అమ్ముతున్నరు. జంపర్ వైర్ల కుప్పను డబ్బాలో కుక్కితే అది డిజైనా?

ఇదంతా బ్రెడ్‌బోర్డు మీద నిలబడ్డాకే బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ తెరువు. 240, 415 వోల్టుల గీతలకూ 5 వోల్టుల గీతలకూ మధ్య కనీసం 8 మిల్లీమీటర్లు వదులు. బోర్డు వచ్చాక కాంటాక్టర్‌ను యాభై సార్లు ఆన్-ఆఫ్ చేసి, ప్రోగ్రాం మొదట్లోనే, చిప్ ఎందుకు రీసెట్ అయిందో చెప్పే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్ చదువు. బ్రౌనౌట్ (వోల్టేజీ పడిపోయిందనే) బిట్ లేస్తే తప్పు పవర్‌లో, బయటి రీసెట్ బిట్ లేస్తే 1వ కాలు వైరింగ్‌లో.