బ్యాక్‌గామన్: ఒంటి కాయను ఎప్పుడు వదలాలి?

ప్రశ్న: చిన్నప్పటి సంది అష్టాచెమ్మ ఆడినోళ్లం. ఇప్పుడు ఫోన్ల బ్యాక్‌గామన్ ఆడుతున్నం. ఎక్కడా ఒంటి కాయ లేకుండ జంటలుగనే కదుపుత. అయినా సగం ఆటకల్ల కదిపేందుకు కాయ దొరకక ఇరుక్కపోత. ఎందుకిట్లయితున్నది?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: బ్యాక్‌గామన్‌లో ఒంటి కాయ ఉన్న గడిలోకి అవతలి కాయ వస్తే దానికి దెబ్బ తగిలి, మళ్లీ మొదటి నుంచి నడవాలి. ఆ దెబ్బ తగులుతుందా అన్నదే మీరు చూస్తున్నారు. తగిలితే ఎంత పోతుందో కూడా చూడాలి. జంట విడవకుండా ఆడితే కొత్త గడి కట్టడం (రెండు కాయలు చేర్చి అవతలివారికి ఆ గడి మూయడం) కష్టం. కాయలు రెండు మూడు చోట్ల గుట్టపడి, చివరికి కట్టిన గడినే విప్పుకోవాల్సి వస్తుంది. అప్పటికి అవతలివారి ఇల్లు (వాళ్లు కాయలన్నీ చేర్చే చివరి ఆరు గడులు) గట్టిపడి ఉంటుంది. తొలి పందేలలో తప్పించుకున్న దెబ్బ, అసలు తగలకూడని సమయంలో తగులుతుంది.

కాయ ముట్టే ముందు అవతలి ఇంట్లోని ఆరు గడుల్లో ఎన్ని మూసి ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను దానితోనే గుణిస్తే, దెబ్బతిన్న కాయ బార్ (బోర్డు మధ్య పట్టీ) మీది నుంచి ఆ ఇంట్లోకి రాలేని పందేలు, రెండు పాచికలకు పడగల 36లో ఎన్నో తెలుస్తుంది. ఒక గడి మూస్తే 1, మూడైతే 9, నాలుగైతే 16, ఐదైతే 25. ఒకటి రెండు గడులే మూసి ఉంటే ధైర్యంగా ఆడొచ్చు. నాలుగు దాటితే గట్టి కారణం లేకుండా ఒంటి కాయ వదలొద్దు.

మొదటి పందెం 2-1 అనుకుందాం. గడులను మీ ఇంటి చివరి నుంచి 1, 2 అని లెక్కిస్తారు. 13వ గడి నుంచి ఒక కాయను 11కి, 6 నుంచి ఒకదాన్ని 5కి దించుతారు. మీ 1వ గడిలో ఉన్న అవతలి కాయలకు ఆ 5వ గడి నాలుగు గడుల దూరం. కొట్టే పందేలు 15: నాలుగు ఉన్నవి 11, 3-1 రెండు విధాలు, 2-2, 1-1. తగిలితే మీకు పోయేది 20 గడుల నడక. అవతలి ఇంట్లో మూసి ఉన్నది ఒక్క గడే కాబట్టి దాదాపు ఎప్పుడూ వెంటనే లోపలికి వస్తారు. మిగతా 21 పందేలలో తగలకపోతే, మరుసటి ఎత్తులో ఆ కాయకు జత కలిపి ఇంట్లోకెల్లా విలువైన 5వ గడిని కట్టే అవకాశం మీదే. అదే కాయను అవతలి ఇల్లు ఐదు గడులు మూసినప్పుడు వదిలితే ఆట అక్కడే చేజారవచ్చు.

అవతలి ఇంట్లో మీకు ఒక జంట గడి ఉంటే ఇంకొంచెం తెగించవచ్చు. దెబ్బ తగిలినా దిగడానికి చోటుంటుంది. వాళ్ల ఇంట్లోనే ఒంటి కాయ ఉన్నా అంతే, మిమ్మల్ని కొట్టాక తిరుగు దెబ్బకు వాళ్లూ భయపడాలి.

ప్రశ్న: వదలక తప్పనప్పుడు ఎంత దూరంల వదలాలె?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మధ్యలో అడ్డు లేకపోతే ఒక గడి దూరంలో 11 పందేలు తగులుతాయి, ఆరు గడుల దూరంలో 17. ఏడుకు వెళ్లగానే 6కు పడిపోతుంది. కాబట్టి ఆరు దాటించండి, కుదరకపోతే బాగా దగ్గరగా పెట్టండి. చాలామంది నాలుగైదు గడుల దూరం ఫరవాలేదనుకుంటారు. అక్కడ 15 పందేలు తగులుతాయి.

ప్రశ్న: గెలిచే ఆటను చివర్ల పోగొట్టుకుంటున్న.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవతలివారు మీ ఇంట్లో ఒక గడి పట్టుకుని కూర్చుంటే ధైర్యం పక్కన పెట్టండి. దూరపు గడి నుంచే ఖాళీ చేస్తూ రండి, మధ్యలో ఖాళీలు వదలొద్దు. వెనకాల ఉన్న రెండు గడుల్లో సరిసంఖ్యలో కాయలు ఉంచండి. అక్కడ మూడు ఉండి, రెండు పాచికలకూ వాటినే కదపాల్సి వస్తే ఒకటి ఒంటరిగా మిగులుతుంది.