గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు బరువులు ఎత్తవచ్చా? రోజూ నడిస్తే సరిపోదా?

మీకు 47 ఏళ్ళు. కొన్నేళ్ళ క్రితం గర్భసంచి తీసేశారు. షుగర్ బోర్డర్‌లో ఉంది, రోజూ గంట నడుస్తున్నారు. ఇప్పుడు డాక్టరమ్మ బరువులతో వ్యాయామం మొదలుపెట్టమంటే, ఇంట్లో పెద్దవాళ్ళు "ఆపరేషన్ అయినవాళ్ళు బరువులెత్తకూడదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి అని కదా అడిగారు?

డాక్టరమ్మ మాటే వినండి. నాకు 54, విశాఖలో స్కూల్ టీచర్ని. నాకూ నలభై నిండకుండానే ఆ ఆపరేషన్ అయింది. యాభై దాటాక బరువులు పట్టుకున్నాను, ఇప్పటికీ మానలేదు.

ముందు ఆ "బరువులెత్తకూడదు" సంగతి చూద్దాం. ఆపరేషన్ తర్వాత లోపలి కుట్లు మానడానికి సుమారు ఆరు వారాలు బరువు పనులు వద్దంటారు. అది నిజం, అవసరం కూడా. ఆ ఆరు వారాల జాగ్రత్తని మన ఇళ్ళలో జీవితకాలం శిక్షగా మార్చేశారు. అదీ వ్యాయామం దగ్గరే గుర్తొస్తుంది. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ ఇంకో పదిహేను పైనే. దాన్ని వంటింట్లోకి దొర్లించి నిలబెట్టేటప్పుడు ఒక్కరూ అడ్డుపడరు. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఎత్తి స్టాండు మీద పెట్టేది మనమే. మనవడిని చంకనేసుకుని మెట్లెక్కేదీ మనమే. అయిదు కిలోల డంబెల్ పట్టుకుంటే మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షన్.

కింద ఏదో జారుతున్నట్టు బరువుగా అనిపించినా, దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నా ముందు గైనకాలజిస్టుకి చూపించుకోండి. ఆ కండరాలకు వేరే వ్యాయామాలు ఉన్నాయి, ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. ఆ తర్వాత బరువుల సంగతి వాళ్ళే చెబుతారు. సిగ్గుపడి దాచుకునే విషయం కాదిది.

నిజానికి మనలాంటి వాళ్ళకే ఈ వ్యాయామం ఎక్కువ అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 9 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచినా కొందరికి మెనోపాజ్ (అండాశయాల పని ఆగిపోయే దశ) ముందే వచ్చేస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక పలచబడడం వేగంగా జరుగుతుంది. కాల్షియం మాత్ర ఎముకకి ముడిసరుకు ఇస్తుంది, అంతే. బలపడాల్సిన అవసరం ఉందని ఎముకకి తెలియాలంటే దాని మీద భారం పడాలి. కండరం ఎముకని లాగాలి.

దీనికి నాకు బాగా ధైర్యం ఇచ్చింది ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ప్రయోగం. మెనోపాజ్ దాటి, ఎముకలు పలచబడ్డ వందమంది దాకా ఆడవాళ్ళని తీసుకుని, కొందరి చేత నిపుణుల పర్యవేక్షణలో నిజంగా బరువైన బార్లే ఎత్తించారు. వారానికి రెండు సార్లు, ప్రతిసారీ 30 నిమిషాలు, 8 నెలలు. వాళ్ళ వెన్నెముక ఎముక సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసిన రెండో గుంపుకి తగ్గింది. ఆ వయసులో తగ్గకుండా ఉంటేనే గొప్ప అనుకుంటాం, అలాంటిది పెరగడం!

ఇక షుగర్. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చాక, ఇన్సులిన్ దాన్ని ఎక్కువ భాగం పంపేది కండరాల్లోకే. వయసుతో కండ తగ్గిపోతుంటే ఆ గ్లూకోజు వెళ్ళడానికి చోటు తగ్గుతుంది. పైగా కండరం గట్టిగా పనిచేసినప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజుని లోపలికి లాక్కుంటుంది. ముప్పై దాటాక పదేళ్ళకోసారి 3 నుంచి 8 శాతం దాకా కండ కరుగుతుందని అంచనా. నడక గుండెకి మంచిది, మానకండి. కానీ కరుగుతున్న కండని అది ఆపలేదు. నా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 6.3 నుంచి 5.8కి దిగింది. ఆ సమయంలోనే రాత్రి అన్నం తగ్గించాను కాబట్టి మొత్తం ఘనత బరువులకే ఇవ్వను.

"ఇంటి పనంతా నేనే చేస్తాను, అది వ్యాయామం కాదా?" అని మా స్టాఫ్ రూంలో కూడా అడుగుతుంటారు. పనే, కాదనను. కానీ ముప్పై ఏళ్ళుగా అవే గిన్నెలు, అదే చీపురు. శరీరం దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. కండ పెరగాలంటే నిన్నటికంటే కాస్త ఎక్కువ అడగాలి. ఈ నెల 5 కిలోలైతే వచ్చే నెల 6, లేదా అదే బరువు మరో రెండు సార్లు. కిటుకంతా ఇదే.

నాకు కనిపించిన మార్పుల్లో మొదటిది ఎవరికైనా చెబితే నవ్వుతారు. వ్రతానికి పీట మీద కూర్చుని, నేల మీద చెయ్యి ఆనించకుండా లేచాను. అంతకుముందు పక్కనున్నవాళ్ళ భుజం పట్టుకునేదాన్ని. బస్సు మెట్టు ఎక్కడం, పై అర మీది బియ్యం డబ్బా దింపడం, దేశీ టాయిలెట్ ఉన్న పల్లెటూరి ఇంటికి భయం లేకుండా వెళ్ళడం, అన్నీ తేలికయ్యాయి. పేపర్లు దిద్దితే మెడ పట్టేసేది, అది బాగా తగ్గింది. నిద్ర కూడా మెరుగే. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాలామంది తూకం చూసుకుని నెలకే మానేస్తారు. జాకెట్టు భుజాల దగ్గర బిగుతైంది, లంగా బొందు మాత్రం ఇంకాస్త లాగి కట్టాల్సి వస్తోంది. ఆ లెక్క మెషీన్ చెప్పదు.

మగవాళ్ళలా కండలు వస్తాయన్న భయం వదిలేయండి. మన ఒంట్లో కండలు పెంచే హార్మోన్ టెస్టోస్టిరాన్ వాళ్ళలో పదో వంతు కూడా ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల ఎత్తుల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. అసలు ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. మా పుట్టిల్లూ అటువైపే. అక్కడ సంక్రాంతికి మగవాళ్ళు సంగిడి రాళ్ళు ఎత్తుతుంటే చుట్టూ నిలబడి చూసినవాళ్ళం మేము. కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు కథలు వింటూ పెరిగాం. బలం అంటే మగవాళ్ళ వ్యవహారం అనుకున్న ఆ ప్రాంతం నుంచే మల్లేశ్వరి వచ్చింది.

మొదలుపెట్టడానికి జిమ్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవండి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోండి. ఇవి మన బస్కీలే, కుర్చీ ఆసరాతో. గోడకి చేతులు ఆనించి దండీలు తీయండి. నేల మీద నుంచి పుస్తకాల సంచి ఎత్తేటప్పుడు నడుము వంచకుండా, తుంటిని వెనక్కి తోసి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఇది సరిగ్గా వస్తే నడుము మీద భారం తగ్గుతుంది. పది పది చొప్పున రెండు మూడు విడతలు, చివరి రెండూ కాస్త కష్టమనిపించాలి. తేలిగ్గా అయిపోతుంటే బరువు పెంచే సమయం వచ్చినట్టే. పెద్దవాళ్ళు కనీసం వారానికి 2 రోజులు ఇలాంటి వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మీకు నేనూ అంతే చెబుతాను. మధ్యలో ఒకటి రెండు రోజులు విరామం ఉండాలి.

ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఎత్తుతూ ఊపిరి వదలండి. బీపీ అదుపులో లేనివాళ్ళు, షుగర్ వల్ల కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతుంటే షుగర్ పడిపోయే అవకాశం ఉంది, అదీ అడగండి. మొదట్లో మర్నాటి కంటే రెండో రోజు ఒళ్ళు ఎక్కువ నొప్పులు పెడుతుంది. అది మామూలే. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయండి.

తిండి విషయంలో మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. పెద్దవాళ్ళకి కిలో శరీర బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) లెక్క. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అందుకే పప్పు చిక్కగా, ఉడికించిన శనగలో పెసలో సాయంత్రం, పెరుగు రెండు పూటలా, తినేవాళ్ళైతే గుడ్లూ చేపలూ. నా మొదటి జిమ్‌లో ట్రైనర్ వ్యాయామం కంటే పౌడర్ డబ్బా గురించే ఎక్కువ మాట్లాడేవాడు. కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఎన్‌ఐఎన్ చెప్పింది. మీకు వాటితో పనిలేదు.

రెండు మూడు నెలలు ఇంట్లో చేశాక జిమ్‌కి వెళ్ళాలనిపిస్తే, ముందు ఒకరోజు ఊరికే వెళ్ళి చూడండి. ట్రైనర్ మీ ఆపరేషన్ గురించి, మందుల గురించి తనంతట తాను అడిగితే అక్కడ చేరవచ్చు. అడక్కుండానే ప్యాకేజీ చెబితే ఇంకో చోటు చూసుకోండి. చుడీదార్ వేసుకుని చేయొచ్చు, నేను అదే వేసుకుంటాను. చున్నీ మాత్రం తీసి పక్కన పెట్టండి, మెషీన్లలో ఇరుక్కుంటుంది.