కౌలింగ్ తలుపు గాలిలో ఉబ్బకుండా ఉండాలంటే

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటూ రెండు సీట్ల విమానాన్ని స్వయంగా నిర్మించుకుంటున్నాను. ఇంజిన్ లైకమింగ్ ఓ-360. ఇంజిన్‌ను కప్పే ఫైబర్‌గ్లాస్ తొడుగుకు, అంటే కౌలింగ్‌కు, ఆయిల్ చూసుకునే తలుపు లేదు. దానిని ఎంత పరిమాణంలో కోయాలి? హింజ్ ఏ అంచున పెట్టాలి? వేగం పెరిగినప్పుడు తలుపు మూలలు పైకి లేస్తాయని తోటి నిర్మాతలు అంటున్నారు. అది నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: నిజమే. మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ముందున్న రంధ్రాల గుండా లోపలికి వచ్చిన గాలిని సిలిండర్ల చుట్టూ ఉన్న బాఫిల్ రేకులు పైభాగంలోనే ఆపి, శీతలీకరణ రెక్కల మధ్యగా కిందికి పంపుతాయి కనుక, ఎగురుతున్నంత సేపూ పై కౌలింగ్ లోపల ఒత్తిడి నిలిచి ఉంటుంది. సముద్రమట్టం వద్ద గంటకు 290 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి వల్ల కలిగే పూర్తి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 400 కిలోల బరువుతో సమానం. అంటే 15 సెంటీమీటర్ల చదరపు తలుపును లోపలి నుంచి సుమారు 9 కిలోల బలం బయటికి నెట్టగలదు. బయటి వైపు పీల్పు ఉండే చోట ఇది ఇంకా పెరుగుతుంది. మూలలు లేస్తే అందం చెడడం ఒక్కటే కాదు, సిలిండర్లను చల్లబరచవలసిన గాలి ఆ సందుల్లోంచి వృథాగా పోతుంది.

అందువల్ల తలుపును అవసరానికి మించి పెంచకండి. అయితే ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) మాత్రమే పట్టేంత ఇరుకుగానూ చేయకండి. చెయ్యి మణికట్టు దాకా సులువుగా దూరాలి, టార్చి వేస్తే చుట్టుపక్కల గొట్టాలు కనబడాలి. ప్రయాణానికి ముందు ఆయిల్ చూసే ఆ నిమిషంలోనే వదులైన బిగింపో, కొత్త ఆయిల్ మరకో కంటబడే అవకాశం ఉంటుంది. నా దృష్టిలో ఈ తలుపు అసలు విలువ అదే. హింజ్ తప్పనిసరిగా ముందు అంచునే ఉండాలి. అలా ఉంటే గడియ ఊడినా ఎదురుగాలి తలుపును మూసి ఉంచడానికే చూస్తుంది. వెనుక అంచున ఉంటే దానిని విరిచి తీసుకుపోతుంది.

మూలలను గుండ్రంగా గీసి, సన్నని రాపిడి చక్రంతో కోయండి. ఫైబర్‌గ్లాస్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక రెస్పిరేటర్ లేకుండా కోత మొదలుపెట్టవద్దు. కోసిన ముక్క వంపు కౌలింగ్ వంపుతో సరిపోతుంది కాబట్టి దానినే తలుపుగా వాడుకోండి. మీ కౌలింగ్ తేనెపట్టు పొరతో చేసినదైతే, కోసిన అంచుల్లో ఆ పొరను కొన్ని మిల్లీమీటర్ల మేర తీసివేసి, నూలు పీచు కలిపిన ఎపాక్సీ జిగురుతో నింపాలి. లేకపోతే ఆయిల్, తేమ లోపలికి ఇంకి పొరలు విడిపోతాయి. తర్వాత తలుపు లోపలి ముఖానికి ప్యాకింగ్ టేపు అంటించి, దానిని తిరిగి రంధ్రంలో నిలిపి, కౌలింగ్ లోపలి వైపు మెరుపు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, రెండింటినీ కప్పేలా నాలుగైదు పొరల గాజుబట్టను ఎపాక్సీతో పరవండి. గట్టిపడ్డాక, టేపు ఉండటం వల్ల తలుపు ఆ పొరలకు అంటుకోకుండా ఊడి వస్తుంది. రంధ్రాన్ని కప్పిన పొరలను మధ్యలో కోసి, చుట్టూ 2 సెంటీమీటర్ల వెడల్పు అంచు మిగిలిస్తే తలుపు ఆనే గట్టు తయారవుతుంది. రంగు మందాన్ని కూడా లెక్కవేసి చుట్టూ ఒక మిల్లీమీటరు సందు వదలండి.

మూలలు లేవకుండా ఆపే అసలు ఉపాయం తలుపు వంపులో ఉంది. లోపలి వైపు అదనపు పొరలు అతికించేటప్పుడు తలుపును కౌలింగ్ కంటే కొద్దిగా ఎక్కువ వంపుతో బిగించి ఉంచితే, మూసినప్పుడు ముందుగా మూలలే గట్టుకు ఆని, గడియ లాగినకొద్దీ గట్టిగా నొక్కుకుంటాయి. వెనుక అంచు 15 సెంటీమీటర్లు దాటితే మధ్యలో ఒక గడియకు బదులు మూలల దగ్గర రెండు పెట్టండి. హింజ్‌ను, గడియలను బిగించే రివెట్ల కింద అల్యూమినియం పట్టీ వేయడం మరవవద్దు, ఎందుకంటే రివెట్ తల నేరుగా ఆనిన చోట ఫైబర్‌గ్లాస్ నలుగుతుంది. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీ వేడెక్కితే మెత్తబడుతుంది కనుక, తయారీదారు సూచించిన విధంగా వేడితో పక్వం చేయించండి.

బిగించాక పై కౌలింగ్‌ను మెత్తని ఆధారాలపై తలకిందులుగా పెట్టి, మూసిన తలుపు లోపలి వైపు 18 కిలోల ఇసుక సంచి ఉంచి చూడండి. పైన లెక్కించిన బలానికి అది రెట్టింపు. అప్పటికీ మూలలు విడకపోతే రంగు వేయవచ్చు. సొంతంగా విమానాలు నిర్మించుకునేవారికి తోడ్పడే ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) సంస్థ సాంకేతిక సలహాదారులు నిర్మాతల వద్దకు ఉచితంగానే వచ్చి చూస్తారు. వారిలో ఒకరిని పిలిచి కోతకు ముందే మీ గీతలు చూపించండి.