ఒక్క స్టార్ రివ్యూ మీద పరువు నష్టం కేసు వేయవచ్చా?

ప్రశ్న: హనుమకొండ హంటర్ రోడ్డులో బిర్యానీ హోటల్ నడుపుతున్నాం. పది రోజుల కింద గూగుల్‌లో ఒకరు ఒక్క స్టార్ ఇచ్చి ‘కుళ్లిన చికెన్ పెట్టారు, కడుపు పాడైంది’ అని రాశారు. మూడు రోజులకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: పది వేలు పంపితే తీసేస్తారట, లేకపోతే ఇంకో ఇరవై పెడతారట. సాయంత్రం గిరాకీ తగ్గింది. మా తమ్ముడు దోస్తులతో ముప్పై దాకా ఫైవ్ స్టార్లు పెట్టించాడు. పరువు నష్టం కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ రివ్యూ కాదు, వాట్సాప్ మెసేజ్. పరువు తీస్తామని భయపెట్టి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. డబ్బు ముట్టితే ఏడేళ్ల దాకా, ముట్టకపోయినా బెదిరించినందుకే రెండేళ్ల దాకా శిక్ష ఉంది. దీని మీద పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ రాయవచ్చు. ఆ నంబర్‌ను బ్లాక్ చేయకండి, చాట్ చెరపకండి, బేరం ఆడకండి. ఇప్పటికే యూపీఐలో ఏమైనా పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక రివ్యూ. ‘రుచి లేదు’, ‘సర్వర్ పట్టించుకోలేదు’ అన్నవి అభిప్రాయాలు, వాటి మీద కోర్టుకెక్కితే ఫీజు దండగ. ‘కుళ్లిన చికెన్’ అన్నది అలా కాదు, నిజమో అబద్ధమో తేల్చగలిగిన మాట. నిజమై, నలుగురి మేలు కోరి చెప్పి ఉంటే పరువు నష్టం గురించిన అదే సంహిత 356వ సెక్షన్‌లోని మినహాయింపులు అతన్ని కాపాడతాయి. కాబట్టి అసలు అతను మీ దగ్గర తిన్నాడా అన్నది ముందు తేలాలి. ఆ రోజు కేఓటీలు (వంటగదికి పంపే ఆర్డర్ చీటీలు), బిల్లులు, యూపీఐలో వచ్చిన పేర్లు, పార్సిల్ యాప్‌ల ఆర్డర్లు తీసి ప్రొఫైల్ పేరుతో పోల్చండి. చికెన్ కొన్న బిల్లు పక్కన పెట్టండి. సీసీ కెమెరా డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతుంది. చాలా హోటళ్లలో రెండు, మూడు వారాలకే పోతుంది. అందుకే ఆ రోజు ఫుటేజీని ఈ రోజే కాపీ తీయించండి. స్క్రీన్‌షాట్‌లో రివ్యూ లింకు, తేదీ, ప్రొఫైల్ పేజీ కనపడాలి. కోర్టులో ఇవి చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వట్టి ప్రింటవుట్లు పట్టుకొని అదాలత్‌కు వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కేసు కంటే ముందు రివ్యూ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి గూగుల్‌కు రిపోర్ట్ చేయండి. ‘అబద్ధం’ అంటే వాళ్లు కదలరు. డబ్బు అడిగిన మెసేజ్ చూపండి. తీయకపోతే 2021 ఐటీ నిబంధనల ప్రకారం గూగుల్ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి, 24 గంటల్లో అందినట్టు చెప్పాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే కేంద్ర ప్రభుత్వ అప్పీల్ కమిటీకి వెళ్లవచ్చు. అక్కడా తీయమనకపోతే, కంపెనీని కట్టడి చేయడానికి మీకు మిగిలేది కోర్టు ఉత్తర్వే. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో ఉంటేనే కంపెనీ తీయాలని 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. రాసినవాడు ఎవరో తెలియకపోయినా సివిల్ దావా ఆగదు, మన కోర్టుల్లో అలాంటి ప్రతివాదికి ‘అశోక్ కుమార్’ అని పేరు పెట్టేస్తాం. దావాకు గడువు రివ్యూ వచ్చిన నాటి నుంచి ఒక్క ఏడాదే. కోర్టు ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి ఉంటుంది కనుక కోపంలో యాభై లక్షలు అనకండి. క్రిమినల్‌గా వెళ్లాలంటే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదే దారి. పరువు నష్టం మీద పోలీసులు తమంతట ఎఫ్‌ఐఆర్ కట్టరు.

ఈలోగా రివ్యూ కింద జవాబు రాయాలనిపిస్తుంది. ‘వచ్చిన తేదీ, బిల్లు నంబర్ చెప్పండి, చూస్తాం’ అని రాస్తే చాలు. ‘ఆ రోజు కరెంటు పోయి ఫ్రిజ్ ఆగింది’ అన్నారంటే మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. రేపు ఫుడ్ సేఫ్టీ అధికారి, వినియోగదారుల కమిషన్ ఇద్దరూ దాన్నే చదువుతారు. ‘పక్క హోటల్‌వాళ్లు రాయించారు’ అంటే ఈసారి పరువు నష్టం నోటీసు మీకే వస్తుంది.

తమ్ముడి ముప్పై ఫైవ్ స్టార్ల సంగతి. హోటల్‌కు రానివాళ్లతో రాయించిన రివ్యూలు గూగుల్ నియమాలకు విరుద్ధం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అనే ఆరోపణకూ తావిస్తాయి. దావా వేసిన మరునాడే అవతలి వకీలు వెతికేది వాటినే. ఎవరెవరు పెట్టారో అడిగి, నోటీసు ఇవ్వడానికి ముందే వాళ్లతోనే తీయించండి.