జింకల జబ్బు నిబంధనలపై అభిప్రాయం చెప్పబోతున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

మౌంట్ హోరెబ్ దగ్గర నువ్వు కొన్న ఇంటి పెరట్లోకి జింకలు వస్తున్నాయని, వాటికి మేత వేయకూడదన్న నిబంధనపై వేట, వన్యప్రాణుల నిబంధనలపై జనం అభిప్రాయం అడిగేందుకు ఏప్రిల్‌లో జరిగే కౌంటీ సమావేశంలో అభ్యంతరం చెప్పాలనుకుంటున్నావని రాశావు. తప్పకుండా వెళ్లు. మన అమెరికా రాష్ట్రం విస్కాన్సిన్‌లోని 72 కౌంటీలలో (మన జిల్లాల్లాంటివి) ఏటా జరిగే ఈ సమావేశాలకు వేట లైసెన్సు అక్కరలేదు. తుపాకీ ఎన్నడూ ముట్టని నేనే చాలాసార్లు వెళ్లాను. అయితే ఆ నిబంధన ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకో.

దానికి కారణం క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల జబ్బు. అది సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదు. ప్రియాన్ అనే వికృత ప్రోటీన్ జింక మెదడును తొలిచేస్తుంది. దానికి మందు లేదు, టీకా లేదు. 1967లో కొలరాడోలో మొదట కనిపించిన ఈ జబ్బు, విస్కాన్సిన్‌లో 2002లో మీ మౌంట్ హోరెబ్ పరిసరాల్లోనే బయటపడింది. సోకిన జింక ఏడాదికి పైగా నిక్షేపంగా కనిపిస్తూనే ఇతర జింకలకు అంటించగలదు. మొక్కజొన్న కుప్ప దగ్గర నాలుగు జింకలు మూతులు ఆనించి తినడం నువ్వు చూసే ఉంటావు. ఒకటి వదిలిన గింజ మీద చొంగ తడి ఆరకముందే రెండోది దాన్ని నోట కరుచుకుంటుంది. ఆ చొంగ పడిన మట్టిలో ప్రియాన్ ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అందుకే జబ్బు కనిపించిన కౌంటీలో మూడేళ్లు, ఆ చోటికి పది మైళ్ల లోపున్న పక్క కౌంటీలో రెండేళ్లు మేత వేయడాన్ని ఇక్కడి చట్టం నిషేధించింది.

ఇంత తెలిశాక కూడా అభ్యంతరం ఉంటే నిర్భయంగా చెప్పు. జబ్బు బయటపడిన కొత్తలో ఆ ప్రాంతంలోని జింకలన్నిటినీ చంపేయాలని ప్రభుత్వం పూనుకుంటే, చాలామంది భూమి యజమానులు సహకరించకపోవడంతో కొన్నేళ్లకే ఆ పథకాన్ని విరమించుకోవలసి వచ్చింది. జనం మనస్ఫూర్తిగా ఒప్పుకోని నిబంధన అడవిలో అమలు కాదని అధికారులు అప్పుడే నేర్చుకున్నారని నా అభిప్రాయం.

ఇక అభ్యంతరాన్ని రాసివ్వడం సంగతి. మొదటిసారి నేను, మూగజీవాలకు ఇంత మేత పెట్టడం మన సంప్రదాయమంటూ రెండు పేజీలు రాశాను. అది ఏ నిబంధన కిందికీ రాలేదు కాబట్టి ఎవరికీ పనికిరాలేదు. మరుసటి ఏడు, మా కాలువ గట్టున ఎవరో పారేసిన జింక తలలు ఏయే తేదీల్లో ఎన్ని కనిపించాయో వరుసగా రాసి, జబ్బు మట్టిలోకి చేరకుండా వేట కాలమంతా కళేబరాలు వేయడానికి అక్కడొక డబ్బా ఉంచాలని అర పేజీలో అడిగాను. దాని మీద సమావేశంలో పావుగంట చర్చ జరిగింది. నువ్వూ నిబంధన సంఖ్య వేసి, నీ పెరట్లో కళ్లారా చూసినది రాసి, ఏ వాక్యాన్ని ఎలా మార్చమంటున్నావో స్పష్టంగా చెప్పు. మనం మాంసం ముట్టమన్న మాట మాత్రం అక్కడ ఎత్తకు. వేటాడిన మాంసంతోనే చలికాలం గడిపే కుటుంబాలు నీ పక్క కుర్చీల్లో ఉంటాయి, వేటాడిన జింకకు ఈ జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష ఫలితం కోసం వాళ్లు పడే ఆదుర్దా మనకు తెలియదు.

అక్కడ వేసే ఓట్లు సలహా మాత్రమే. నిబంధనలను ఆమోదించేది ఏడుగురు సభ్యుల సహజ వనరుల బోర్డు. కాబట్టి నువ్వు రాసినదాని నకలు ఒకటి దగ్గర ఉంచుకుని, బోర్డుకూ విడిగా పంపు. చిత్తుప్రతి ముందు నాకు చూపించు. ఈలోగా పెరట్లో మిగిలిన మొక్కజొన్న ఎత్తేయి.

ఇట్లు,
మీ మామయ్య